మెక్సికో సంప్రదాయ భోజనశాలల్లో ఉదయపు ఫలాహారం: మీ అనుభవాలు, సలహాలు

విభాగం: దేశదేశాల వంటలు

1. కృష్ణాతీరం (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఉద్యోగరీత్యా మెక్సికో నగరంలో ఉంటోంది. నేనూ మా వారూ అక్కడ ఐదు వారాలు ఉండి ఈమధ్యనే తిరిగి వచ్చాము. పిరమిడ్ల గురించి, ప్రదర్శనశాలల గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. నా మనసులో గట్టిగా నిలిచిపోయింది మాత్రం అక్కడి పాతకాలపు భోజనశాలల్లో పొద్దుటి పూట తిన్న తిండి. దాని గురించి ఇక్కడ ఎవరూ చర్చ మొదలుపెట్టినట్టు కనిపించలేదు కాబట్టి నేనే మొదలుపెడుతున్నాను.

మెక్సికో నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది. బెజవాడ ఎండలకు అలవాటుపడిన మాకు అక్కడ తెల్లవారుజామున శాలువా లేనిదే బయటికి రావడం కష్టమయ్యేది. అలాంటి ఒక ఆదివారం పొద్దున్న, పాత నగరం నడిబొడ్డున, సోకలో అని పిలిచే పెద్ద చౌరస్తాకు దగ్గరలోనే పాల్మా వీధిలో ఉన్న ఎల్ కార్దెనాల్ అనే భోజనశాలకు మా అమ్మాయి తీసుకువెళ్ళింది. 1969లో మొదలైన భోజనశాల అది. బయట జనం వరుసలో నిలబడి ఉన్నారు. లోపల చూస్తే ప్రతి బల్ల దగ్గరా అమ్మమ్మలు, తాతయ్యలు, చంటిపిల్లలతో సహా కుటుంబాలకు కుటుంబాలు కూర్చుని ఉన్నాయి.

మేము కూర్చున్నామో లేదో, ఏమి కావాలో చెప్పకముందే వడ్డించే అతను పెద్ద పళ్ళెంలో రకరకాల తీపి రొట్టెలు పట్టుకుని వచ్చాడు. వాటిలో కోంచా అనేదాన్ని తీసుకున్నాము. గుండ్రంగా, మెత్తగా ఉండే ఆ రొట్టె మీద చక్కెర పూత ఆల్చిప్ప గీతల మాదిరిగా చీలి ఉంటుంది. కోంచా అంటే ఆల్చిప్ప అనే అర్థం. దానికి తోడుగా చిన్న గిన్నెలో నాతా పెట్టారు. నాతా అంటే మరేమిటో కాదు, కాచిన పాల మీద కట్టిన మీగడ! మా అమ్మ నా చిన్నప్పుడు రొట్టె ముక్క మీద మీగడ తరక పరిచి, పైన పంచదార చల్లి పెట్టేది. అరవై ఏళ్ళ వయసులో, అంత దూర దేశంలో, ఆ రుచి మళ్ళీ నోటికి తగిలేసరికి నాకు కాసేపు మాట రాలేదు.

తరువాత చాక్లెట్ వచ్చింది. కూజా లాంటి పాత్రలో పొగలు కక్కుతున్న చాక్లెట్‌ను చెక్క కవ్వంతో నురుగు వచ్చేదాకా చిలికారు. ఆ కవ్వాన్ని మోలినియో అంటారట. మన కవ్వానికి తాడు చుట్టి లాగుతాము, వాళ్ళు కర్రను రెండు అరచేతుల మధ్య పెట్టి గిరగిరా తిప్పుతారు. అడుగున ఉన్న గుండు చుట్టూ చెక్కతోనే చేసిన కడియాలు వదులుగా తిరుగుతూ చప్పుడు చేస్తాయి. మజ్జిగ చిలికే ఇంట్లో పుట్టినవాళ్ళెవరైనా ఆ చప్పుడుకు తల తిప్పి చూస్తారు.

ఇక అసలు ఫలాహారం చిలాకిలెస్. ముందు రోజు మిగిలిన మొక్కజొన్న రొట్టెలను, అంటే తోర్తియాలను, ముక్కోణాలుగా కోసి నూనెలో వేయిస్తారు. వాటిని వేడి పచ్చడిలో కలిపి, పైన కాస్త పుల్లని మీగడ, పనీరులా పొడిపొడిగా రాలే చీజ్, చక్రాలుగా తరిగిన ఉల్లిపాయ వేసి ఇస్తారు. పక్కన మెత్తగా మెదిపి వేయించిన నల్ల రాజ్మా ముద్ద ఉంటుంది. పచ్చ పచ్చడి, ఎర్ర పచ్చడి రెండూ ఉన్నాయంటే నేను పచ్చది అడిగాను. మొదటి ముక్క అంచు కరకరలాడింది. పళ్ళెం అడుగుకు వచ్చేసరికి ముక్కలన్నీ పులుపు పీల్చుకుని మెత్తబడిపోయాయి. ఆ మెత్తబడిన ముక్కలే నాకు ఎక్కువ నచ్చాయి. మా అమ్మాయి మాత్రం కరకరలాడకపోతే అవి చిలాకిలెసే కావని వాదించింది. అసలు పద్ధతి ఏది? అక్కడ ఉన్నవారు, వెళ్ళి వచ్చినవారు దయచేసి చెప్పండి.

2. దూరతీరం (గ్వాదలహారా, మెక్సికో)

కృష్ణాతీరం గారూ, తొమ్మిదేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్న నాకు మీ టపా చదవగానే ప్రాణం లేచి వచ్చింది. మీ ఇద్దరి మాటా సరైనదే, ఎందుకంటే చిలాకిలెస్ ఊరిని బట్టి మారుతుంది. మెక్సికో నగరం చుట్టుపక్కల ముక్కలు కరకరలాడుతుండగానే చివరి క్షణంలో పచ్చడి పోసి పెట్టడం ఎక్కువ. మా గ్వాదలహారాలో మట్టిమూకుడులో పచ్చడితో పాటు చాలాసేపు ఉడికించి, దాదాపు సంకటిలా చిక్కబడిన తరువాత వడ్డించే పద్ధతి ఉంది. మీకు నచ్చినది పళ్ళెం అడుగున దొరికింది కాబట్టి ఈసారి మా ఊరు రండి, మొదటి ముద్ద నుంచే అలా ఉంటుంది.

ఫలాహారం అనే మాట గురించి ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. ఇక్కడ పొద్దుటి తిండికి రెండు పేర్లున్నాయి. లేవగానే కాఫీయో చాక్లెట్టో తాగి, ఒక తీపి రొట్టె తినడం దెసాయునో. పది, పదకొండు గంటల ప్రాంతంలో కడుపు నిండా తినేది అల్ముయెర్సో. మధ్యాహ్న భోజనం రెండు గంటల తరువాతే, ఒక్కొక్కప్పుడు నాలుగు గంటలకు గాని అవదు కాబట్టి, ఈ రెండో తిండి లేకపోతే మనిషి నిలబడలేడు. ఈ లెక్క తెలియక, మన అలవాటు ప్రకారం ఏడింటికే వెళ్ళి కూర్చుంటే చాలా చోట్ల పొయ్యి కూడా వెలిగి ఉండదు. పెద్ద భోజనశాలల్లో ఈ రెండు తిండ్లూ కలిసిపోయి ఒక్క వరుసగా వస్తాయి. ముందు పండ్ల రసమో కోసిన బొప్పాయో వస్తుంది, తరువాత తీపి రొట్టె, కాఫీ, ఆ పైన గుడ్డుతోనో రొట్టెతోనో చేసిన అసలు వంటకం. మీరు ఎల్ కార్దెనాల్‌లో చూసింది ఆ వరుసే.

పాత భోజనశాలలంటే ఇష్టం ఉన్నవారు అదే పాత నగరంలో తాకుబా వీధిలో 1912 నుంచి నడుస్తున్న కఫే దె తాకుబా కూడా చూడాలి. గోడల మీద రంగురంగుల పలకలు, తలవెనుక పెద్ద తెల్లని రిబ్బను ముడితో వడ్డించే స్త్రీలు, కమానుల కింద బల్లలు ఉంటాయి. అక్కడ కాఫీ ఒక్కటి తాగినా గంట కూర్చోబుద్ధి వేస్తుంది.

3. పచ్చిమిర్చి (గుంటూరు)

నాకు ఒక్కటే సందేహం. మిరపకాయ పుట్టిల్లు మెక్సికో అని, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చిందని చదివాము. అంతకు ముందు మనకున్న కారం మిరియాలే కాబట్టి, కొత్తగా వచ్చిన కాయకు ఆ పేరే తగిలించి మిరపకాయ అన్నాము. అంతటి పుట్టింట్లో పొద్దున్నే తినే పచ్చడి కారం ఎలా ఉంటుంది? గుంటూరు వాళ్ళు తట్టుకోగలరా, లేక మనకు చప్పగా అనిపిస్తుందా?

4. దూరతీరం (గ్వాదలహారా, మెక్సికో)

పచ్చిమిర్చి గారూ, తట్టుకోవడం సమస్య కాదు. మనం మిరపకాయను ముఖ్యంగా కారం కోసం వాడతాము, వీళ్ళు దాన్ని ఒక కూరగాయలాగా రుచి కోసం, రంగు కోసం, వాసన కోసం వాడతారు. పచ్చికాయకు ఒక పేరు, అదే కాయ ఎండితే మరో పేరు. పొబ్లానో ఎండితే ఆంచో, మిరసోల్ ఎండితే గ్వాహీయో, హలపేన్యో పండి పొగలో ఎండితే చిపోత్లె. ఎర్ర చిలాకిలెస్‌కు తరచుగా వాడేది గ్వాహీయో. గింజలు తీసేసి, పెనం మీద ఒక్క క్షణం కమ్మగా వేయించి, వేడి నీళ్ళలో నానబెట్టి, వెల్లుల్లితో కలిపి మెత్తగా రుబ్బి, వడకట్టి, మళ్ళీ నూనెలో మగ్గిస్తారు. గుంటూరు సన్నాలతో దీన్ని పోల్చకండి. వరంగల్ చపాటా మిరప మీకు తెలిసే ఉంటుంది, రంగు ఎక్కువ, కారం తక్కువ. దానికి దగ్గరగా ఉంటుంది.

పచ్చ పచ్చడిలో మాత్రం సెర్రానో అనే పచ్చిమిరప వేస్తారు, అది మన నాలుకకు తెలిసిన కారమే. ఆ పచ్చడికి పులుపు ఇచ్చేది పచ్చి టమాటా కాదు. టమాటాకు దూరపు చుట్టమైన తోమాతియో అనే కాయ అది. పలుచని కాగితం లాంటి పొరలో ఉంటుంది, పొర ఒలిస్తే చేతికి జిగురు అంటుతుంది. అన్నట్టు మనం రోజూ అనే టమాటా అన్న మాట కూడా ఇక్కడి నహువా భాష నుంచి వచ్చిందే.

5. తులసికోట (హనుమకొండ)

నేను గుడ్డు కూడా తినని శాకాహారిని. పోయిన ఏడాది పది రోజులు ఆ దేశంలో ఉన్నాను. మొదటి మూడు రోజులు ఒకే భోజనశాలలో పొద్దున్నే ఆ మెదిపిన రాజ్మా ముద్ద, మొక్కజొన్న రొట్టె హాయిగా తిన్నాను. నాలుగో రోజు పక్క బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ నాతో మాట కలిపి, నేను మాంసం తిననని తెలిసి, ఆ ముద్దను పంది కొవ్వులో వేయిస్తారు కదా అని అడిగారు. నేను మాంసం వద్దని చెప్పానే తప్ప కొవ్వు సంగతి అడగలేదు. వడ్డించేవారు కూడా ఆ మాట తమంతట తాము చెప్పలేదు. ఆ రోజంతా నేను పడిన బాధ ఇక్కడ రాయలేను. అలాంటి బాధ మరొకరికి రాకూడదని ఈ వివరాలు రాస్తున్నాను.

అక్కడ మాంసం లేదంటే మాంసపు ముక్కలు లేవని మాత్రమే అర్థం. పంది కొవ్వును మాంతెకా అంటారు. అది రాజ్మా ముద్దలోనూ, తమాలె అనే ఆవిరి కుడుముల పిండిలోనూ, కొన్ని తీపి రొట్టెల్లోనూ ఉండవచ్చు. పచ్చడిని పలుచన చేయడానికి కోడి పులుసు నీళ్ళు పోసే చోట్లు ఉన్నాయి. కాబట్టి "యేవా మాంతెకా?", "యేవా కాల్దో దె పొయో?" అనే రెండు ప్రశ్నలు నోటికి రావాలి. కొవ్వు ఉందా, కోడి పులుసు ఉందా అని వాటి అర్థం. విడిగా అడిగితే ఎవరూ విసుక్కోరు, లోపలికి వెళ్ళి వంటవారిని కనుక్కుని వచ్చి చెబుతారు. కోంచా లాంటి రొట్టెల్లో గుడ్డు ఉంటుంది. చీజ్ విషయంలో పట్టింపు ఉన్నవారు పాలు విరగ్గొట్టడానికి ఏమి వాడారో కూడా కనుక్కోవాలి.

ఇంత చెప్పాక, నిరాశ పడవద్దని కూడా చెప్పాలి. నూనెతో వండిన చోటు దొరికిన తరువాత నేను గుమ్మడి పువ్వులు పెట్టి కాల్చిన కెసాదియా, అంటే లోపల కూర పెట్టి మడిచిన మొక్కజొన్న రొట్టె, తిన్నాను. నాగజెముడు జాతి మొక్క లేత మట్టలను ముళ్ళు తీసి, పెనం మీద కాల్చి పెడితే తిన్నాను, దాన్ని నోపాల్ అంటారు. వెర్దోలాగాస్ అని పచ్చ పచ్చడిలో ఉడికించిన ఆకుకూర పెడితే, చూడగానే అది మన గంగవావిలి కూర అని గుర్తుపట్టి ఆనందపడ్డాను. ఒక్క జాగ్రత్త. మెక్సికో నగరంలో కెసాదియా అంటే చీజ్ తప్పకుండా ఉంటుందని అనుకోకూడదు. "కోన్ కేసో", అంటే చీజ్‌తో, అని ప్రత్యేకంగా చెప్పాలి.

6. కృష్ణాతీరం (విజయవాడ)

తులసికోట గారూ, మీ అనుభవం చదివి మనసు చివుక్కుమంది. మేము గుడ్డు, మాంసం తినేవాళ్ళం కాబట్టి ఈ సంగతి మా దృష్టికి రాలేదు. మా ఆడపడుచు వచ్చే నెలలో అక్కడికి వెళుతున్నారు, ఆవిడ పూర్తి శాకాహారి. మీ రెండు ప్రశ్నలు కాగితం మీద రాసి ఇచ్చాను.

7. జొన్నచేను (మహబూబ్‌నగర్)

అందరూ పచ్చళ్ళ గురించి, మీగడ గురించి మాట్లాడుతున్నారు. మీరు తిన్న ఆ రొట్టె గురించి ఎవరూ చెప్పడం లేదు కాబట్టి, విశ్రాంత ఉపాధ్యాయుడిగా ఆ పని నేను చేస్తాను. మెక్సికో ఫలాహారానికంతటికీ పునాది ఆ మొక్కజొన్న రొట్టె, ఆ రొట్టెకు పునాది సున్నం.

ఎండిన మొక్కజొన్న గింజలను సున్నం కలిపిన నీటిలో ఉడికించి, రాత్రంతా అందులోనే నాననిస్తారు. పొద్దునకు గింజ పైపొర జారిపోతుంది. బాగా కడిగి, ఆ తడి గింజలను రుబ్బితే వచ్చే ముద్దే మాసా. మొదట్లో దీన్ని మెతాతే అనే వాలు రాతి మీద, మన సన్నికల్లు మీద నూరినట్టే, స్త్రీలు మోకాళ్ళ మీద కూర్చుని నూరేవారు. మామూలు మొక్కజొన్న పిండికి బంక ఉండదు, అందుకే రొట్టె తట్టబోతే విరిగిపోతుంది. సున్నంలో ఉడికిన గింజ ముద్దకు సాగే గుణం వస్తుంది, రొట్టె పలుచగా వచ్చి పెనం మీద పొంగుతుంది. ఇలా సున్నంలో ఉడికించిన గింజలను నిష్తమాల్ అంటారు.

దీనిలో రుచిని మించిన సంగతి ఒకటుంది. మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ అనే విటమిన్ మన ఒంటికి అందకుండా బంధించబడి ఉంటుంది. సున్నం ఆ బంధాన్ని విడదీస్తుంది, పైగా కాల్షియం కూడా కలుస్తుంది. ఐరోపా వాళ్ళు మొక్కజొన్నను తమ దేశాలకు తీసుకువెళ్ళారు గాని ఈ సున్నం పద్ధతిని తీసుకువెళ్ళలేదు. దాని ఫలితంగా 18వ శతాబ్దం నుంచి స్పెయిన్‌లో, ఉత్తర ఇటలీలో మొక్కజొన్న మీదే బతికిన పేదలకు పెల్లాగ్రా వ్యాధి వచ్చింది, చర్మం పగిలి, మతి తప్పి ఎంతోమంది చనిపోయారు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ అదే జరిగింది. ఆ రొట్టెను వేల ఏళ్ళుగా తింటున్న మెక్సికో పల్లెలను మాత్రం ఆ వ్యాధి అలా పట్టి పీడించలేదు.

ఈ వ్యాధితో మన నేలకు కూడా సంబంధం ఉంది. దక్కను పీఠభూమిలో జొన్నలే ప్రధానంగా తినే పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన డాక్టర్ సి. గోపాలన్, శ్రీకాంతియా గార్లు 1960లో దానికీ జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే పదార్థానికీ సంబంధం ఉందని ప్రతిపాదించారు. జొన్నరొట్టె తిని పెరిగిన నేను ఆ సంగతి చదివిన తరువాతనే, రొట్టె పిండిలో ఏమి కలుపుతున్నారన్న దానికి ఎంత విలువ ఉందో తెలుసుకున్నాను. 2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటను మానవాళి వారసత్వంగా గుర్తించినప్పుడు ఈ నిష్తమాల్ పద్ధతిని కూడా ప్రత్యేకంగా పేర్కొన్నది.

కాబట్టి భోజనశాలను ఎంచుకునేటప్పుడు అలంకరణ చూడవద్దని నా మనవి. రొట్టె ఆ ఇంట్లోనే తడుతున్నారా, సంచిలో నుంచి తీస్తున్నారా అన్నది చూడండి.

8. దూరతీరం (గ్వాదలహారా, మెక్సికో)

మాస్టారూ, మీకు పాదాభివందనం. మా వీధి చివర ఉన్న చిన్న భోజనశాలలో ఒకావిడ రోజూ పొద్దున్నే మాసా ముద్దలు చేసి, చేతుల మధ్య తట్టి, కొమాల్ అనే పెనం మీద వేస్తుంది. మొదటిసారి అంచులు లేవగానే తిప్పుతుంది, రెండోసారి తిప్పిన తరువాత వేలి కొసలతో మధ్యలో అలా తాకుతుంది, రొట్టె బుస్సుమని పొంగుతుంది. ఆ వాసనలో మీరు చెప్పిన సున్నం తెలుస్తుంది. తడిసిన కొత్త గోడ దగ్గర వచ్చే వాసనలాగా, చాలా కొద్దిగా. ఈ దేశం వదిలి వెళ్ళినా ఆ వాసన నాతోనే ఉంటుంది.

9. పత్తిపువ్వు (డాలస్)

అమెరికాలో ఉన్న మన వాళ్ళు చాలామంది టెక్సాస్‌లో దొరికే మెక్సికన్ తిండినే మెక్సికో తిండి అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. గోధుమ రొట్టెలో గుడ్డు, బంగాళాదుంప, పసుపుపచ్చ చీజ్ చుట్టి ఇచ్చే పొద్దుటి టాకో ఆస్టిన్, శాన్ ఆంటోనియో నగరాల్లో పేరు పొందినది. దాన్ని తక్కువ చేయడం లేదు, పనికి పరుగెత్తే రోజున నేను తినేది అదే. గోధుమ రొట్టె కూడా ఉత్తర మెక్సికోలో సొంత తిండే. అయితే పసుపుపచ్చ చీజ్, జీలకర్ర ఘాటు టెక్సాస్ వైపు అలవాట్లు. మధ్య మెక్సికో భోజనశాలలో వాటిని వెతికితే దొరకవు.

డాలస్‌లో ఓక్ క్లిఫ్ వైపు వెళితే మెక్సికో కుటుంబాలు నడిపే చిన్న భోజనశాలలు ఉన్నాయి. శని, ఆదివారాల్లో అక్కడ పొద్దున్నే కఫే దె ఓయా దొరుకుతుంది. మట్టికుండలో నీళ్ళు మరిగించి, దాల్చినచెక్క, పిలోన్సియో వేసి, చివరన కాఫీ పొడి కలిపి, తేరుకున్నాక వంచి ఇస్తారు. పాలు పోయరు. పిలోన్సియో అంటే చెరకు రసం కాచి అచ్చు పోసిన బెల్లమే. మా అత్తగారు ఊరి నుంచి వచ్చినప్పుడు ఒకసారి తీసుకువెళ్ళాను. ఆవిడ ఒక్క గుటక తాగి, చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లో బెల్లపు కాఫీయే తాగేవారని చెప్పి, ఇంకో గ్లాసు అడిగారు.

10. చార్మినారు నీడ (హైదరాబాదు)

మాంసాహారులు ఎవరూ ఇంకా బార్బకోవా మాట ఎత్తలేదు. ఇదాల్గో రాష్ట్రంలో గొర్రె మాంసాన్ని కలబంద వంటి పెద్ద మగేయ్ మట్టల్లో చుట్టి, నేలలో తవ్విన గుంతలో రాత్రంతా ఆవిరి మీద మగ్గిస్తారు. పొద్దున గుంత తెరిచి, తూకం లెక్కన రొట్టెలతో పెడతారు. గుంత అడుగున పెట్టిన పాత్రలోకి కారిన రసంలో శనగలు వేసి వేడి వేడిగా గిన్నెల్లో ఇస్తారు. ఇది వారం మధ్యలో అంతగా దొరకదు, శని, ఆదివారాల పొద్దుటి తిండి. మన పాతబస్తీలో తెల్లవారకముందే నహారీ, పాయా కోసం జనం చేరడం నాకు గుర్తుకు వచ్చింది. ఎముకల రసం రాత్రంతా మరగడం, పొద్దున్నే పదిమంది కలిసి తినడం రెండు చోట్లా ఉన్నాయి.

11. మీగడతరక (రాజమహేంద్రవరం)

చర్చ చాలా బాగుంది. అయినా ఒక మాట చెప్పాలనిపిస్తోంది, ఎవరూ నొచ్చుకోవద్దు. ప్రతిదాన్నీ మన దానితో పోల్చుకుంటూ పోతే అక్కడి తిండిని అక్కడి తిండిగా చూడలేమేమో. నాతా మన మీగడ, పిలోన్సియో మన బెల్లం, మోలినియో మన కవ్వం అంటున్నాము. మరి ఎపాసోతె మాటేమిటి? రాజ్మా ఉడికేటప్పుడు వేసే ఆ ఆకు వాసనకు మన వంటింట్లో సాటి వచ్చేది లేదు. కొందరికి అది మొదట మందు వాసనలా తోస్తుంది. విత్లకోచె అని మొక్కజొన్న కంకికి పట్టే నల్లని బూజును వండి, ఆమ్లెట్‌లో పెట్టి ఇస్తారు. మన రైతు దాన్ని తెగులు అని పీకి పారేస్తాడు. నేను తిన్నాను, పుట్టగొడుగుల రుచి, కొంచెం మట్టి వాసన, దానికి పోలిక వెతకడం మానేసి రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. ఇలాంటివి కూడా తినండి అని చెప్పడమే నా ఉద్దేశం.

12. జొన్నచేను (మహబూబ్‌నగర్)

మీ మాటలో నిజం ఉంది. పోలిక లేనివాటి దగ్గర కూడా ఆగాలి, ఒప్పుకుంటాను. కానీ కృష్ణాతీరం గారు రాసిన పాత రొట్టె సంగతి మాత్రం వట్టి పోలిక కాదు. రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున్నే తాలింపు పెట్టే ఇంట్లోనూ, మిగిలిన తోర్తియాను చిలాకిలెస్‌గా మార్చే ఇంట్లోనూ పనిచేసింది ఒకే ఆలోచన. తిండిగింజను పారేయకూడదన్న ఆలోచన. పైగా తాజా రొట్టె వేయిస్తే నూనె పీల్చి జావకారిపోతుందని, ఒక రోజు ఆరిన రొట్టె అయితేనే పచ్చడిలో నిలబడుతుందని చెబుతారు.

13. వెన్నెలమెట్ట (విశాఖపట్నం)

ఇక్కడ ఇంట్లో చిలాకిలెస్ చేయడం సాధ్యమేనా? దుకాణంలో కొన్న మొక్కజొన్న పిండితో రొట్టెలు చేసి చూశాను. జొన్నచేను గారు చెప్పినట్టే విరిగిపోయాయి.

14. పత్తిపువ్వు (డాలస్)

వెన్నెలమెట్ట గారూ, సాధ్యమే, ఓపిక కావాలి. కిలో ఎండు మొక్కజొన్న గింజలకు సుమారు పది గ్రాముల తినే సున్నం, అంటే తాంబూలానికి వాడే శుభ్రమైన సున్నం చాలు. గోడలకు వేసేది వాడకూడదు. గింజలు బాగా మునిగేలా నీళ్ళు పోసి, సన్నని మంట మీద ముప్పావు గంట వరకు ఉడికించి చూడండి. ఒక గింజను రెండు వేళ్ళ మధ్య నలిపితే పొర జారాలి, లోపల మాత్రం గట్టిగానే ఉండాలి. మంట ఆపి రాత్రంతా మూత పెట్టి ఉంచండి. పొద్దున నాలుగైదు నీళ్ళు మార్చి చేతులతో రుద్ది కడగండి. అల్యూమినియం గిన్నె వద్దు, సున్నానికి నల్లబడుతుంది. మన గ్రైండరులో చాలా తక్కువ నీళ్ళతో గట్టిగా రుబ్బితే ముద్ద వస్తుంది. రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి చదునైన గిన్నెతో నొక్కితే రొట్టె గుండ్రంగా వస్తుంది. కాల్చి, ఒక రోజు ఆరనిచ్చి, ముక్కలు కోసి వేయించండి.

తోమాతియో మీకు దొరకదు. ఎర్ర పచ్చడి చేసుకోండి. పండు టమాటాలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, గింజలు తీసిన చపాటా మిరపకాయలు పెనం మీద మచ్చలు పడేదాకా కాల్చి, రుబ్బి, నూనెలో మగ్గించండి. మీగడలో ఒక చెంచా పెరుగు కలిపి చిలికితే వాళ్ళ పుల్లని మీగడకు దగ్గరగా వస్తుంది.

15. పచ్చిమిర్చి (గుంటూరు)

బల్ల దగ్గరి మర్యాదల గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? భాష రాని చోట ఏది తప్పుగా తోస్తుందో తెలియదు. వచ్చే సంవత్సరం వెళ్ళే ఆలోచన ఉంది.

16. కృష్ణాతీరం (విజయవాడ)

పచ్చిమిర్చి గారూ, మేము నేర్చుకున్నవి రాస్తాను. తినడం అయిపోయినా బిల్లు దానంతట అది రాదు. మొదటి రోజు మేము అరగంట ఎదురు చూసి, మమ్మల్ని మరిచిపోయారేమో అనుకున్నాము. అడగకముందే బిల్లు తెచ్చి పెడితే అతిథిని లేచి వెళ్ళమన్నట్టు అవుతుందని వాళ్ళు భావిస్తారట. "లా క్వెంతా, పోర్ ఫవోర్" అని మనమే అడగాలి. వడ్డించినవారికి పది నుంచి పదిహేను శాతం ఇవ్వడం ఆనవాయితీ. వెళ్ళిపోయేటప్పుడు దారిలో ఉన్న బల్లల వాళ్ళను చూసి "ప్రొవేచో" అంటారు. మీరు తినేది మీ ఒంటికి పట్టాలని దాని భావం. ముక్కూ మొహం తెలియని వాళ్ళు మన పక్క నుంచి వెళుతూ ఆ మాట అంటుంటే ఎంత బాగుంటుందో చెప్పలేను. మా వారు రెండో వారం నుంచి తానే ముందుగా అనడం మొదలుపెట్టారు.

మీగడతరక గారు చెప్పిన మాట నాకు నచ్చింది, అయినా ఒక్క పోలిక మాత్రం చెప్పకుండా ఉండలేను. అక్కడ చాలా చోట్ల నీళ్ళకు బదులు అగ్వా దె హమైకా అని ఎర్రని పుల్లని పానీయం పెడతారు. ఆ ఎర్ర రేకులు ఏ పువ్వువని మా అమ్మాయి వెతికి చూసింది. హైబిస్కస్ సబ్దరిఫా. అది మన ఎర్ర గోంగూరే! మనం ఆకు తింటాము, వాళ్ళు కాయను అంటిపెట్టుకుని ఉండే ఎర్రని కండగల రేకులను ఎండబెట్టి, నీళ్ళలో మరిగించి, చక్కెర వేసుకుని తాగుతారు.

17. తులసికోట (హనుమకొండ)

కృష్ణాతీరం గారూ, మా పెరట్లో ఎర్ర గోంగూర ఉంది. ఆ ఎర్ర రేకులను ఇన్నాళ్ళూ విత్తనం కోసం వదిలేసేవాళ్ళం. ఒక గ్లాసుకు ఎన్ని రేకులు వేయాలి?

18. కృష్ణాతీరం (విజయవాడ)

లీటరు నీళ్ళకు ఎండినవి ఒక పెద్ద గుప్పెడు సరిపోతాయి. పది నిమిషాలు మరిగించి, చల్లారాక వడకట్టి, పులుపు చూసుకుని చక్కెర కలపండి. పచ్చివి అయితే రెండు గుప్పెళ్ళు వేయండి, కాయను మాత్రం ముందే తీసేయండి.